గురువారం ఎవరిది?

మా ఆవిడ నాకే కాదు, కళ్ళాసుపత్రికి కూడా అర్ధాంగే. అక్కడ చీటీలు రాసే కౌంటర్లో ఒకే ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీలో సగం ఉద్యోగం ఈవిడది, సగం ఉద్యోగం ఇంకొకావిడది. ఆ ఇంకొకావిడను మా ఇంట్లో పేరు పెట్టి పిలవం. "అవతలి సగం" అంటాం. ఆవిడ మా ఆవిడను ఏమంటుందో నాకు తెలియదు గానీ, ఇంతకంటే మర్యాదగా మాత్రం అనదని నా నమ్మకం.

అంతకుముందు ఆ కుర్చీలో ఒక పెద్దావిడ పాతికేళ్ళు కూర్చుని రిటైరైంది. ఆ తర్వాత వారమంతా కూర్చునే మనిషి దొరకలేదు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, అవతలి సగానికి ఇంటి దగ్గర కుట్టుపని. సరే, చెరి మూడు రోజులూ రండి, ఏ రోజులు ఎవరివో మీలో మీరే తేల్చుకోండి అన్నాడు సూపరింటెండెంటు. మంచివాడే, పాపం. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈపాటికి అతని తల మీద ఇంకాస్త జుట్టు మిగిలి ఉండేది.

సోమ, మంగళవారాలు మా ఆవిడ తీసుకుంది. శుక్ర, శనివారాలు అవతలి సగం తీసుకుంది. ఇక మిగిలినవి బుధవారం, గురువారం. ఎవరికి ఏది అన్నదే పేచీ.

బుధవారం ఆపరేషన్లు. డాక్టరు గారు పొద్దున లోపలికి వెళ్తే సాయంత్రానికి గానీ బయటికి రారు. కౌంటర్లో ఉన్న మనిషి ఈగలు తోలుకుంటూ కూర్చోవచ్చు. గురువారం ఆ ఆపరేషన్లయిన వాళ్ళందరికీ కట్లు విప్పుతారు. పది నుంచి పన్నెండు దాకా కౌంటరు ముందు ఇసుక వేస్తే రాలదు. చుక్కల మందు ఎన్నిసార్లు వేసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో ప్రతి ఒక్కరికీ చీటీ మీద రాసివ్వాలి. రాసింది నోటితో చెప్పాలి. చెప్పింది మళ్ళీ చెప్పాలి. ఆఖర్న, తలస్నానం ఎప్పుడు చేయొచ్చమ్మా అని అడిగితే కోపం తెచ్చుకోకూడదు.

అందుకని మొదటి ఆరు నెలలూ గురువారం నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నారు. నా మోకాళ్ళు పడిపోతాయని ఈవిడ, నా నడుం విరిగిపోతుందని ఆవిడ. చివరికి నెలలో ఒకటో గురువారం, మూడో గురువారం మా ఆవిడకూ, రెండోదీ నాలుగోదీ అవతలి సగానికీ అని ఒప్పందం కుదిరింది. కుదిరిన రెండు నెలలకే కథ అడ్డం తిరిగింది. ఇద్దరూ గురువారం నాదంటే నాదని మొదలుపెట్టారు.

కారణం ఏమిటంటే, కట్లు విప్పే గదిలో డాక్టరుకీ నర్సుకీ మూతికి మాస్కులుంటాయి. కన్ను తెరిచిన మనిషికి అక్కడ కనబడేది రెండు నుదుళ్ళూ నాలుగు కళ్ళూ. అక్కణ్ణుంచి గోడ పట్టుకుని బయటికొస్తే, ఎదురుగా కౌంటరు. ఎన్నాళ్ళుగానో మసకలో బతికిన మనిషికి తేటగా కనబడే మొట్టమొదటి నిండు మొహం, ఆ పూట కుర్చీలో ఎవరుంటే వాళ్ళది. వాళ్ళు అలా నిలబడి చూస్తారట. చీటీ సంగతి మరిచిపోయి చూస్తారట. "ఎంత కళగా ఉన్నావు తల్లీ" అందట ఒక ముసలమ్మ. ఒక వడ్రంగి తాత మా ఆవిడను చూసి నవ్వి, తర్వాత కౌంటరు చెక్కను చూసి, ఇది కుడివైపు వాలిందమ్మా అన్నాడట. ఇంకొకాయన పక్కనున్న భార్య వైపు తిరిగి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అన్నాడట. "నీ కళ్ళు బాగు చేయించిన నన్ననాలి" అని ఆవిడ అక్కడే నెత్తిన ఒకటి మొట్టిందట. నర్సు పరుగెత్తుకొచ్చి తలకు దెబ్బలు తగలకూడదని కోప్పడిందట.

ఆ ఆనందం మరిగాక ఇద్దరికీ లెక్కలు పుట్టుకొచ్చాయి. నెలకు ఐదు గురువారాలు వస్తే ఐదోది ఎవరిది? డాక్టరు సెలవు పెట్టిన గురువారం ఎవరి ఖాతాలో రాయాలి? ఒకసారి డాక్టరు గారికి జలుబు చేస్తే, ఆ జలుబు అవతలి సగం వారంలో కాకుండా తన వారంలోనే ఎందుకు చేయాలని మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఒకరి డ్యూటీ రోజున ఇంకొకరు రారు కాబట్టి ఈ యుద్ధమంతా నోటుపుస్తకంలోనే. అసలు ఆ పుస్తకం కౌంటరు సొరుగులో ఉండేది, రోగుల విషయాలు ఒకరికొకరు రాసిపెట్టుకోవడానికి. ఒకరోజు సూపరింటెండెంటు దాన్ని తెరిచి చూస్తే పద్నాలుగు పేజీల్లో ఒక్క రోగి కూడా కనబడలేదు. ఆయన దాన్ని బయట పారేయించాడు. దాంతో వీళ్ళు సొంతంగా ఇంకో పుస్తకం కొనుక్కున్నారు. దాన్ని మోసేవాణ్ణి నేను. నేను సిటీ బస్సు డ్రైవర్ని. నా రూటు మా వీధి చివర నుంచి మొదలై, ఆసుపత్రి మీదుగా, అవతలి సగం ఇంటి ముందు స్టాపు దాటి పోతుంది. ఆవిడ స్టాపులో నిలబడి, నా మొహం చూడకుండా, కిటికీలోంచి పుస్తకం ఇచ్చేది, పుచ్చుకునేది. బస్సు ఆఖరి స్టాపులో పావుగంట ఆగుతుంది. టీ తాగుతూ నేనేం చేసేవాడినో వేరే చెప్పాలా?

ఇక నా సంగతి. నా వారపు సెలవు గురువారం. ఆరు రోజులు స్టీరింగు తిప్పి, ఒక్కరోజు ఇంట్లో ఉందామనుకుంటే, నేను లేచేసరికి మా ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. "ఆ గురువారమేదో ఆవిడ మొహాన కొట్టేయొచ్చుగా" అంటే, "మీకేం తెలుసు" అనేది. కాబట్టి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఈ తగువులో నేను మొదట్నుంచీ అవతలి సగం పక్షమే.

చివరికి సూపరింటెండెంటుకు విసుగెత్తింది. నెలాఖరులోగా ఇద్దరూ సంతకాలు చేసిన ఒప్పందం నా టేబుల్ మీద ఉండాలి, లేదా ఇద్దరినీ పంపించేసి పూర్తి రోజులు చేసే ఒక్క మనిషిని పెట్టుకుంటాను అన్నాడు. మా ఆవిడ ఇంటికొచ్చి ఈ మాట చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళు ఉద్యోగం కోసం కాదు, గురువారం కోసమని నాకు అర్థమైంది. అయినా పుస్తకంలో మాత్రం, ఒక్క గురువారం కూడా వదిలేది లేదని ఎర్ర సిరాతో రాసి నా చేతిలో పెట్టింది.

నెలాఖరుకు రెండు వారాలే ఉంది. ఆఖరి స్టాపులో టీ తాగుతూ ఆ పేజీ చదివాను. ఇద్దరూ కలిసి నిక్షేపంలాంటి ఉద్యోగాన్ని మంట్లో కలిపేస్తున్నారని ఒళ్ళు మండింది. దాంతోపాటు, గురువారాలు నావైపు తిరిగే దారి కూడా కనబడింది. ఆ పేజీ చింపేశాను. కొత్త పేజీలో, వీలైనంత ఆడవాళ్ళ రాతలాగా గుండ్రంగా, ఇలా రాశాను: "దయచేసి నన్ను క్షమించండి. మీరు నా సోదరివంటివారు. గురువారాలన్నీ మీరే ఉంచుకోండి. బుధవారం నాకు చాలు." చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. మర్నాడు సాయంత్రం తిరిగిచ్చేటప్పుడు ఆవిడ మొట్టమొదటిసారి నా మొహం చూసి, "వస్తానన్నయ్యా" అంది. ఆఖరి స్టాపు దాకా ఆగలేక రెడ్ సిగ్నల్ దగ్గరే తెరిచాను. "మీకంత పెద్ద మనసుంటే నాకు మాత్రం ఉండదా? గురువారాలన్నీ మీవే. బుధవారం నేను చూసుకుంటాను" అని ఉంది. వెనక బండ్ల హారన్లు వినబడేదాకా అలాగే కూర్చున్నాను. నేను చేసిన దొంగపనికి ఫలితం ఇలా నెత్తిన పడుతుందని ఎవరనుకుంటారు!

ఆ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో నిలబడే ఆ పేజీ చదివింది. ఒక పేజీ వెనక్కి తిప్పింది. మళ్ళీ చదివింది.

"నేనెప్పుడైనా 'దయచేసి' అని రాశానా?"

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"ఆవిణ్ణి నేను సోదరి అన్నానా? నా సొంత చెల్లెల్నే ఎప్పుడూ అనలేదు."

"ఉద్యోగం పోతుందేమోనని..."

"అబద్ధం. గురువారం నేను ఇంట్లో ఉండాలని."

"ఉంటే తప్పేంటి? వారానికి ఒక్కరోజు మనిషి ఇంట్లో ఉండాలనుకోవడం కూడా తప్పేనా?"

కేకలు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బావుండేది. స్టూలు మీద కూర్చుని, మోకాలు రాసుకుంటూ నెమ్మదిగా అంది: "ఇంట్లో ఉంటే మీరు పేపరు చూస్తారు, టీవీ చూస్తారు, కిటికీలోంచి ఎదురింటివాళ్ళ కొత్త బండి చూస్తారు. అక్కడ గురువారం పూట అందరూ నా మొహం చూస్తారండీ. మీరు చూసి ఎన్నాళ్ళయింది?"

చూస్తూనే ఉన్నానుగా అనబోయాను. ఆ మాట అనబోతున్నప్పుడు కూడా నా కళ్ళు ఆవిడ చేతిలోని పుస్తకం మీదే ఉన్నాయి. నిజంగా సిగ్గేసింది.

మర్నాడు బుధవారం, తన డ్యూటీ కాకపోయినా నా బస్సే ఎక్కి, నాకు వీలైనంత దూరంగా చిట్టచివరి సీట్లో కూర్చుని, ఆసుపత్రి దగ్గర దిగింది. అక్కడ జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. కౌంటరు ముందు నిలబడి, "అది రాసింది నేను కాదు, మా ఆయన" అందట. అవతలి సగం, "సోదరి అన్నప్పుడే అనుమానం వచ్చింది. అయినా నిజమేనేమోనని ఆశపడ్డాను" అందట.

"మరి గురువారం ఎందుకు వదులుకున్నారు?"

"ఆ రోజు నన్నెంతమంది చూసినా, సాయంత్రం ఇంటికెళ్తే నా మొహం చూసేది అద్దమొక్కటే. నన్నొకరు సోదరి అన్నారు కదా, ఊరికే పుచ్చుకోకూడదనిపించింది."

ఎవరూ రాని బుధవారం కాబట్టి ఇద్దరూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. ఒప్పందం రాశారు. కాగితం మీద గురువారం వంతులవారీ. వంతు లేని మనిషి కూడా వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఐదో గురువారం ఊసే లేదు. సూపరింటెండెంటు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఒక్క జీతానికి ఇద్దరొస్తారా?" అని అడిగి, వాళ్ళు మనసు మార్చుకునేలోపే సంతకం పెట్టేశాడు.

గురువారం వచ్చింది. ఇంట్లో నేనొక్కణ్ణే. పేపరు తీశాను, పెట్టేశాను. టీవీ పెట్టాను, కట్టేశాను. కిటికీ దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. పదకొండింటికి ఉతికిన చొక్కా వేసుకుని, వేరే డ్రైవరు నడిపే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. కౌంటరు వెనక కుర్చీలో మా ఆవిడ, స్టూలు మీద అవతలి సగం. నా ముందున్న తాత ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, "మీరు అక్కాచెల్లెళ్ళా?" అని అడుగుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి కాదన్నారు.

నా వంతు వచ్చింది. మా ఆవిడ తలెత్తలేదు. "పాత చీటీ ఉందా?" అంది.

"లేదు. కొత్త కేసు."

తలెత్తింది. అవతలి సగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూశాను. తొందరపడకుండా, ఆ తాత చూసినట్టే చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం మాది.

"ఆ ఎడమ కనుబొమ్మ కింద పుట్టుమచ్చ... ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"నాతోపాటే వచ్చింది," అంది మా ఆవిడ. "పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు."