ఇంటిని అడిగిన మా పెద్దత్త

మా పెద్దత్త పోయారు. పాతపట్నంలో ఉన్న కూతురింటికి వెళ్లి నాలుగు రోజులే అయింది. మధ్యాహ్నం అన్నం తిని, తన కంచం తనే కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నవారు మళ్లీ లేవలేదని ఫోను వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. ఫోను పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే, ఆమె కోరుకున్నట్టే వెళ్లారన్న నిమ్మళం కూడా కలిగింది. ఇంకో నిమ్మళం కూడా ఉంది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె మా మావయ్యగారి అక్క. నౌపడ దగ్గర ఉప్పు మడులకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. మా వీధిలోనే మూడిళ్ల అవతల ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు చాలా ఏళ్లు మడుల్లో ఉప్పు మోశారు. ఉప్పుగాలి ఇంటిని ఏం చేస్తుందో ఆమెకు తెలిసినంతగా మా ఊళ్లో మేస్త్రీలకు కూడా తెలియదు. "ఉప్పు ఇనుముని లోపల్నుంచి తింటాది. తిన్నంతసేపూ నోరిప్పదు" అనేవారు.

శనివారం మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చే తీరే వేరు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి గ్యాసు బండ మీది మీట కట్టేసి ఉందో లేదో చూసేవారు. తర్వాత మేడమీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు మూత లాగి చూసేవారు. మూతకు తాడు కట్టించింది ఆమే. తుపాను గాలికి మా వీధిలో మిగతా వాళ్ల మూతలు పొలాల్లో దొరికిన రోజున మా మూత మా ట్యాంకు మీదే ఉంది. వాన నీరు దిగే గొట్టంలో ఆకులు, దొడ్లో బోర్లించని కొబ్బరి చిప్పలు, అందులో దోమపిల్లలు, ఏదీ ఆమె కళ్లు దాటిపోయేది కాదు.

ఒకసారి కూల్‌డ్రింకు సీసాలో నేను పోసి పెట్టిన ఫినాయిల్‌ను తీసి నా ముఖం ముందు ఊపారు.

"ఏటే ఇది?"

"ఫినాయిలు, పెద్దత్తా. పెద్ద డబ్బా అయితే మొయ్యలేకపోతన్నాను."

"తాగే సీసాలో తాగకూడనిది పోసినావు. సదువుకున్నదానివి! ఈ ఇంట్లో తెలివి తక్కువోలు ఎవులూ నేరనుకున్నావా? మీ ఆయనున్నాడు కదే!"

మా ఆయన పక్కనే ఉండి నవ్వారు. సీసా మాత్రం ఆ రోజే పారేశాను.

అన్నీ చూశాక, చివర్న, బట్టలారేసే వెదురుకర్ర పట్టుకుని గదిగదికీ తిరుగుతూ శ్లాబు మీద టక్కుటక్కుమని కొట్టేవారు. కొట్టి, తల పక్కకు వంచి వినేవారు. దాన్ని ఆమె ఇంటిని అడగడం అనేవారు. "మనిషికి ఒంట్లో బాగోకపోతే మూలుగుతాది. ఇల్లు మూలగదు. మనమే అడగాల."

నాకది చాదస్తంగా అనిపించేది. నాకో పుస్తకం ఉంది. ట్యాంకు ఎప్పుడు కడిగించామో, స్విచ్చులు ఎప్పుడు మార్పించామో, ఏ మందు గడువు ఎప్పటితో అయిపోతుందో అన్నీ అందులో రాసుకుంటాను. రాసింది పూర్తయినట్టేనని నా నమ్మకం. కర్రతో కొట్టి వినడం ఏ పద్ధతి?

నిరుడు మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేయాలి. మా నడిమిగదిలో శ్లాబుకు ఒక ఇనుప కొక్కెం ఉంది. మా మావయ్యగారు ఇల్లు కట్టినప్పుడే పెట్టించారు. ఈ ఇంటి పిల్లలందరికీ మొదటి ఉయ్యాల ఆ కొక్కేనికే. ఆ కొక్కెం చుట్టూ కొంతకాలంగా గోధుమరంగు మరక ఒకటి పాకుతోంది. తుపాను వానలకు వచ్చిన చెమ్మ అనుకున్నాను. మా ఊళ్లో అందరూ అలాగే అనుకుంటారు. వేడుకకు వియ్యాలవారు వస్తారు కదా అని పుట్టీ పెట్టించి, రెండు పూతలు రంగు వేయించాను. పుస్తకంలో "నడిమిగది మరక, సరిచేశాం" అని రాసుకున్నాను.

వేడుక ముందురోజు పెద్దత్త వచ్చారు. కొక్కెం చుట్టూ కొట్టారు. మళ్లీ కొట్టారు.

"అత్తా, తబలా రేపు వాయిద్దువుగాని. వియ్యపురాలు కూడా ఇంటాది" అన్నారు మా ఆయన.

ఆమె నవ్వలేదు. "ఒరే, ఇక్కడ ఉయ్యాలెయ్యకండి. లోపల బోలుగా ఉన్నాది."

"మొన్ననే కదా బాగుచేయించాను" అన్నాను.

"రంగేసినావు. రోగం అలగే ఉన్నాది."

నాకు కోపం వచ్చింది. ఇంటినిండా పని, బాలింత, పసిపిల్ల, తెల్లారితే చుట్టాలు. "శుభమా అని ఉయ్యాల కడతంటే ఆ మాటలేటి పెద్దత్తా? నీకు అన్నిటా అనుమానమే. ఈ కొక్కేనికి ఎంతమంది పెరగలేదు?" అన్నాను. పెద్దావిడతో అంత గొంతు పెంచి ఎన్నడూ మాట్లాడలేదు.

ఆమె కుర్చీ లాక్కుని సరిగ్గా కొక్కెం కిందే కూర్చున్నారు.

"నెగు పెద్దత్తా, లేచి ఇవతలికి రా."

"నెగను. పడితే నా మీద పడతాది. నాను తినాల్సిన ఉప్పు తినేసినాను. ఆ గుంట ఇంకా పాలే తాగతన్నాది."

మా అమ్మాయి పిల్లను గుండెకు హత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "అమ్మా, వరండాలో వేద్దామే" అంది. మా ఆయన నా వైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను. సాయంత్రం వరండాలో టేకు దూలానికి తాళ్లు కట్టారు. అప్పుడు గాని ఆమె కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు వేడుక చక్కగా జరిగింది. వియ్యపురాలు వరండాలో గాలి బాగుందని మెచ్చుకుంది కూడా. నేను మాత్రం పెద్దత్తకు తాంబూలం ఇచ్చేటప్పుడు ముఖం చూడలేదు.

వేడుక అయిన ఆరో రోజు పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. అమ్మాయి పక్కగదిలో పిల్లకు పాలిస్తోంది. నడిమిగదిలో బస్తా విసిరేసినట్టు చప్పుడు. వెళ్లి చూస్తే నేల మీద రుబ్బురోలంత పెచ్చు, దాని చుట్టూ సిమెంటు పొడి. కొక్కెం అందులోనే ఉంది. పైన బయటపడిన ఊచలు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. వేలితో తాకితే ఎర్రటి పొడి రాలింది. గుమ్మం పట్టుకుని, పక్కగదిలోంచి పిల్ల ఏడుపు వినబడేదాకా అక్కడే ఉన్నాను.

ఆ పొడి చేతులతోనే పెద్దత్త ఇంటికి పరుగెత్తాను. ఆమె మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను చెప్పింది విని, చేతిలో గింజ కింద పెట్టి, "గుంటకేటి కానేదు కదా?" అన్నారు.

"లేదు పెద్దత్తా. నిన్ను అలా అన్నాను..."

"అన్నావులే. నువ్వు అనకపోతే ఆ కుర్సీలో కూకునే పౌరుషం నాకెక్కడిది?" అని నవ్వారు. తర్వాత నా చేతులు పట్టుకుని చూసి, "ఎల్లి కడుక్కో ముందు. ఆ సేతులతో పిల్లనెత్తుకుంటావా?" అని తిట్టారు.

ఇంజనీరును పిలిచి శ్లాబంతా చూపించాం. ఇల్లు కట్టినప్పుడు దగ్గరి నూతిలోని ఉప్పునీరు వాడారని, లోపలి ఇనుమును ఆ ఉప్పు అప్పట్నుంచే తింటూ వచ్చిందని తేలింది. వదులైనదంతా కొట్టించి, తుప్పు గీకించి, పాడైన ఊచలు మార్పించి, మంచినీళ్లతో కలిపిన సిమెంటు వేయించాం. పెద్దత్త రోజూ వచ్చి నీళ్ల డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని రుచి చూసేవారు. మేస్త్రీకి ఒళ్లు మండేది. "ఏటమ్మా, పప్పులో ఉప్పు సూస్తన్నావా?" అన్నాడు ఒకరోజు. "నీ పప్పులో ఉప్పు ఎక్కువైతే నువ్వు తింటావు. దీన్లో ఎక్కువైతే ఈలు తింటారు" అన్నారామె.

నడిమిగది పని అయ్యాక నా చేతికి కర్ర ఇచ్చారు. మంచిచోట కొట్టించారు, ఇంకా బాగుచేయని వరండా మూల కొట్టించారు. మొదటిది గట్టిగా, కురచగా పలికింది. రెండోది ఎండిన సొరకాయను తట్టినట్టు ఉంది. తేడా నాకు తెలిసేదాకా వదల్లేదు. తెలిశాక ఒక్కమాటే అన్నారు. "ఇంక నాను శనివారం పడుకోవచ్చు."

ఆ తర్వాత ఏడాదికి పైగా ఉన్నారు. ఆమె ఒళ్లో నా మనవరాలు ఆడుకుంది. చెప్పాల్సిన క్షమాపణ నేను ఆమె ఉండగానే చెప్పగలిగాను. పిల్ల దక్కింది, మాట దక్కింది. నా రెండో నిమ్మళం అదే.

మొన్న పెద్దకర్మ అయ్యింది. భోజనాలయ్యాక బంధువులంతా నడిమిగదిలో చాపలు పరుచుకుని ఎక్కడివాళ్లక్కడ ఒరిగారు. పాతపట్నం వదిన గురక పెడుతోంది. మా ఆయన చేయి మడిచి తలకింద పెట్టుకున్నారు. అందరి మధ్యలో నా మనవరాలు చేతులు బార్లా చాపుకుని, నోరు కొద్దిగా తెరిచి, వెల్లకిలా పడుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని పక్కన కొత్త సిమెంటు చదరం, ఇంకా రంగు వేయకుండా బూడిదరంగులోనే ఉంది. దాని కింద పద్నాలుగు మంది నిద్రపోతున్నారు. ఒక్కరూ పైకి చూడలేదు.