ఎరువేసిన కాళ్ళు

సైకిలు షాపువాడు మా అబ్బాయిని సీటు మీద కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనేదాకా సైకిళ్ళు మారుస్తుంటే నాకు పేడ వాసన కొట్టింది.

నా ఏడో ఏట మా నాన్న అద్దంకిలో మిరపకాయలమ్మి పెద్దవాళ్ళ సైకిలు తెచ్చాడు. మా ఇంట్లో చొక్కా అయినా చెప్పులైనా పెరిగే పిల్లలకని పెద్దవే కొనేవారు.

"ఎవడి కాళ్ళు ముందు నేలకందితే సైకిలు వాడిదిరా" అన్నాడు. నేను నాలుగేళ్ళ తమ్ముణ్ణి చూసి నవ్వాను.

ఎరువేస్తే మిరప మొక్క ఎదగడం చూసినవాణ్ణి. రోజూ పొద్దున్నే పెంటకుప్పలో మోకాళ్ళదాకా దిగి నిలబడేవాణ్ణి. తమ్ముడు చెంబుతో నా కాళ్ళకు నీళ్ళు పోసేవాడు. ఆ వాసనకు చీరాల ఈగలు కూడా రైలెక్కి వచ్చేవి.

"ఏరా, పూతొచ్చిందా?" అని నాన్న అరుగు మీద నుంచి అడిగితే వీధంతా నవ్వేది.

కొన్నేళ్ళకు తమ్ముడు తాటిచెట్టయ్యాడు. నేను మిరప మొక్క దగ్గరే ఆగిపోయాను.

"ఎరువేసుకుంది నేను కదా నాన్నా" అని ఏడ్చాను.

"నీళ్ళు పోసినోడిదేరా పంట" అని నాన్న సైకిలు తాళం వాడి చేతిలో పెట్టాడు.

మా అబ్బాయి పాదాలు రెండూ నేలకు ఆనాయి. ఆ సైకిలే ఇమ్మన్నాను. షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"మీక్కూడా ఈ సైజే సరిపోతుందండి" అన్నాడు.