గుట్ట లోపల్నుంచి నాలుగక్షరాలు

మార్చి రెండో వారం, పొద్దున పదీ నలభైకి మా ట్రక్కు గుట్ట కింద ఆగింది. రాయదుర్గం దాటి కణేకల్ దిక్కు పోతాంటే ఎడమ పక్క కనపడే బోడి గుట్ట. దిగంగానే బూట్ల అడుగు కాలింది. నీడ లేదు. నీళ్ళ ట్యాంకరు దినం మార్చి దినం వస్తాదన్నారు. ఎనిమిది మంది మనుషులు, రెండు రేడియో సెట్లు, ఒక జనరేటరు. మూడు నెలల మిలిటరీ విన్యాసాలు.

మీకు బార్డరు కథ కావల్ల, నాకు తెలుసు. ఆగస్టు పదైదుకు శాలువా కప్పి మైకు చేతికిస్తారు. "మంచులో ఎట్లుండినారు సార్?" అంటారు. మంచులో బాగనే ఉండినా. పదారేండ్ల నౌకరీలో నేను చెడింది మంచులో కాదు. మా ఊరికి రెండు బస్సుల దూరంలో, ఈ గుట్ట మీద.

నేను సిగ్నల్ ఆపరేటర్ని. టార్పాలిన్ కింద సెట్టు ముందర కూర్చోవల్ల, ప్రతి మాటా టైముతో సహా లాగ్ పుస్తకంలో రాయల్ల. మధ్యాన్నం రెండింటికి టార్పాలిన్ కింద నలభై మూడు డిగ్రీలు. బ్యాటరీలు ఉబ్బుతాండాయని గుట్టలో ఉండే పాత సొరంగంలో పెట్టినాము. ఎవురో ఎప్పుడో గనికని తవ్వి వదిలేసింది. దానికి రెండు నోర్లు. ఒకటి మా టెంటుకు నలభై అడుగుల్లో. ఇంకోటి గుట్ట అవతల, నడిస్తే పావుగంట. మా నోటికి 'ఈడ' అని, అవతలి నోటికి 'ఆడ' అని పేరు పడిపోయింది. క్యాన్లు యాడప్పా అంటే, ఆడ పెట్టినాన్నా అనేవాడు మా లైన్‌మన్. అంటే అవతలి నోటి కాడ. ఇంక అడిగే పని లేదు.

లైన్‌మన్‌ది శింగనమల పక్క పల్లె. నాకంటే ఆరేండ్లు చిన్న. తీగ చుట్ట వీపున వేసుకొని స్తంభాలెక్కేవాడు. అంతకు ముందేడు జారి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఇంక ఎక్కలేడు. ఆపరేటర్ పరీక్ష పాసయితే నౌకరీ నిలుస్తాది, లేదంటే మూట కట్టుకోవల్ల. ఆ పరీక్షలో మోర్స్ ఉండాది, చుక్కలూ గీతలూ కొట్టి మాట పంపేది. ఇంటికాడ వాని నాయన, పదైదు గొర్రెలు, నీళ్ళు పడని మూడు బోర్లు.

"నాకు రాదన్నా ఈ టకటక. ఫోన్లుండంగా ఇదేంటికి?"

"ఫోనుకు టవరుండల్లప్పా. దీనికి తీగుంటే చాలు."

వాడే తెప్పించినాడు రెండు డబ్బాలు. చవకవి. అరచేతంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఒక మీట, చిన్న స్పీకరు, చదరపు బ్యాటరీ. మీట టక్కున నొక్కి వదిలితే చుక్క, పట్టుకుంటే గీత. వాడు లోపల చల్లగా బ్యాటరీల మధ్య కూర్చునేవాడు, నేను టార్పాలిన్ కింద. రెండు డబ్బాలకూ వాడే తీగ కలిపినాడు. వాడు నొక్కితే నా డబ్బా కూస్తాది, నేను నొక్కితే వానిది.

పదైదు దినాలు ఒక్క అక్షరం ఎక్కలేదు. ఇంగ్లీషు పుస్తకం చూసి చూసి ఒక మధ్యాన్నం మీట విసిరికొట్టినాడు. అప్పుడు నాకు తట్టింది. చుక్కంటే పొట్టి అక్షరం, గీతంటే దీర్ఘం అనుకోరా అన్నా. చుక్క గీత, 'సరే'. అది A. గీత చుక్క చుక్క, 'నాయన'. అది D. చుక్క చుక్క గీత, 'పదరా'. అది U. మూడు చుక్కలూ గీతా, 'అనకురా'. అది V.

వాడు పగలబడి నవ్వినాడు. "నాయన అంటే D నా! ముందే చెప్పల్లగదన్నా, నీ యబ్బ!"

వారానికంతా అక్షరాలన్నీ వచ్చేసినాయి. ఇంక మా ఇద్దరికీ సంబరం. ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగే కొట్టుకునేవాళ్ళం. TINYAVA? తిన్యావా? LEDU. లేదు. హవల్దార్ సాబ్ ఉత్తరాది మనిషి, మా డిటాచ్‌మెంటుకు పెద్ద. ఒక దినం విని మొగం ముడిచినాడు.

"అప్‌నీ బోలీ మే మత్ బజావ్. లైన్ పే రూల్ కీ బాత్ కరో."

సొంత మాట వద్దు, రూలు ప్రకారం దిక్కులూ నంబర్లూ కొట్టమని. జీ సాబ్ అన్నాము. ఆయన అటు తిరగంగానే మళ్ళీ తెలుగే. ఇట్లాంటి పెద్దోళ్ళ మాట వినకపోవడం మాకు పెద్ద మొగతనం.

మే ఆఖరు వారం. పరీక్షకు తొమ్మిది దినాలు. రెండూ ఇరవైకి కణేకల్ దిక్కునుంచి మబ్బు వచ్చింది. మా జిల్లా మనిషికి వానంటే ఏమో మీకు చెప్పే పని లేదు. నేను టార్పాలిన్ వదిలి బయటికొచ్చి నోరు తెరిచి నిలబడినా. వంటాయన బిందెలన్నీ బయటపెట్టినాడు. డబ్బాకు తిరిగొచ్చి VANA అని కొట్టినా. లోపల్నుంచి బిరబిరా జవాబు: NAKU VINABADTANDADI. నాకు వినబడతాండాది.

రెండూ నలభై ఒకటికి గుట్ట జారింది. పెద్ద శబ్దం కూడా లేదు. ఎర్ర మట్టి, రాళ్ళు, మా వైపు నోరు మూసేసినాయి. అవతలికి పరిగెత్తిన జవాను వచ్చి ఆడ కూడా మూసుకపోయిందన్నాడు. రాయదుర్గం నుంచి జేసీబీ కావల్లని రేడియోలో అడిగినా. దారి కోసుకపోయింది, తెల్లారేదాకా బండి ఎక్కదన్నారు. మాకుండేది ఐదు పారలు, రెండు గడ్డపారలు. రెండు పక్కలా తవ్వే బలం లేదు.

తీగ తెగలేదు. వాడు వేసిన తీగ ఎట్ల తెగుతాది? డబ్బా కూసింది. ONTIKEM KALEDU. ఒంటికేం కాలేదు. KALU IRUKKUNDI. కాలు ఇరుక్కుంది.

"కిధర్ సే ఖోదేఁ? పూఛో ఉస్‌సే! జల్దీ!" హవల్దార్ సాబ్ నా భుజం పట్టి ఊపినాడు. ఏ పక్కనుంచి తవ్వల్లనో అడగమన్నాడు.

YAADA TAVVALLA? అని కొట్టినా.

నాలుగక్షరాలొచ్చినాయి. సరే, సరే, నాయన, సరే. AADA. ఆడ. మళ్ళీ అడిగినా. మళ్ళీ AADA. ఒక్క చుక్క తప్పు లేదు. పరీక్ష పెట్టే ఆఫీసరుంటే వాన్ని అప్పుడే పాస్ చేసుండేవాడు. రెండూ యాభై రెండు అని టైము రాసినా.

"ఉధర్, సాబ్. దూస్రీ తరఫ్."

అందరూ పారలు తీసుకొని గుట్ట అవతలికి పోయినారు. నేను డబ్బా కాడ ఉండిపోయినా.

మూడూ నలభైకి లోపల్నుంచి: SADDU LEDU. సద్దు లేదు. పారల చప్పుడు వినపడలేదని. VASTANDARU అని కొట్టినా. వస్తాండారు. నాలుగున్నరకు మళ్ళీ SADDU LEDU. మళ్ళీ నేను VASTANDARU. నాకు అప్పుడన్నా బుద్ధి రావల్ల. రాలేదు. మట్టి మందంగా ఉండాది, అందుకే వినపడలేదు అనుకున్నా. ఐదున్నరకు GALI LEDU ANNA. గాలి లేదన్నా. అవతలికి ఉరికి, బిన్నా, తొందరగా తవ్వండప్పా అని అరిచి, మళ్ళీ ఉరికొచ్చినా.

ఆరూ పదికి గీత మొదలయింది. ఒకటే గీత. మీట మీద చెయ్యి అట్లే పడిపోయినట్లుండాది. ఆ కూత ఆగలేదు. నా డబ్బాలో బ్యాటరీ తగ్గి శబ్దం సన్నబడితే గబగబా కొత్తది వేసినా. మళ్ళీ గట్టిగా కూసింది. అది కూస్తాన్నంతసేపూ వాడుండాడని ఏదో పిచ్చి. హవల్దార్ సాబ్ వచ్చి తీగ పీకేసినాడు.

తెల్లారి జేసీబీ వచ్చి మా వైపు నోరే తీసింది, దానికి ఎక్కను దారి ఆ పక్కే ఉండె కాబట్టి. వాడు మా నోటికి మూడు బారల దూరంలో ఉండినాడు. మట్టి మెత్తది. ఐదు పారలకు గంట పని. ఆ నోటికీ వానికీ మధ్య ఇంటి వసారా అంత జాగా లేదు.

విచారణలో లాగ్ పుస్తకం చూసినారు. నాలుగక్షరాలు, టైము, సంతకం. ఆపరేటర్ తప్పు లేదని రాసినారు. చీకట్లో వానికి దిక్కు తెలియలేదు అన్నారు. నేనూ అదే పట్టుకున్నా. ఇంకేం పట్టుకోవల్ల? నాలుగు నెలలకు నౌకరీ అయిపోయింది. ఇంటికొచ్చినా. మూడో దినం శింగనమల బస్సెక్కినా.

వాని నాయన దొడ్డి ముందర రాతి మీద కూర్చోనుండినాడు. చెంబుతో నీళ్ళిచ్చినాడు. కూర్చోమన్నాడు. నేను దొడ్డి తడిక కాడ నిలబడే ఉండినా.

"కడాకు ఏమన్నాడప్పా మావాడు?"

"యాడ తవ్వల్లప్పా అని అడిగినా పెద్దాయనా. ఆడ అన్నాడు. మేము ఆడికే పోయి తవ్వినాము, అవతలి నోటి కాడ. పాపం చీకట్లో వానికి..."

"నువ్వు యాడుండావు అప్పుడు?"

"ఈడ. మా నోటి కాడ, డబ్బా ముందర."

"వాడు లోపల."

"ఊఁ."

ఆయన నా మొగం చూసినాడు. కోపం లేదు. తెలియని లెక్క ఎవురికో చెప్పినట్లు నిదానంగా అన్నాడు.

"లోపలుండే వానికి నువ్వుండే జాగానే గదప్పా ఆడ."

ఆయన రాతి మీదనుంచి లేవలేదు. చెయ్యి చాపి, తడిక కాడ నిలబడిన నన్ను వేలితో చూపించినాడు.

"ఇట్ల. ఆడ."

నాలుగేండ్లయింది. కండ్లు మూసినా తెరిచినా ఆ వేలు నా దిక్కే ఉంటాది.