కాలవలో కడిగిన గొర్రెలు

1998 వానాకాలం. ధవళేశ్వరానికి దగ్గర్లోని ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవన్నీ గేదెలే. అలాంటిది ఒక ఉదయం సూరమ్మగారనే రైతు ఇల్లాలు నల్ల గొర్రెను తాడు పట్టుకుని నడిపించుకొచ్చారు.

కోతలయ్యాక ఎరువు కోసం మా చేలల్లో మందలు నిలపడానికి మెట్ట నుంచి కాపర్లు వస్తారు. వాళ్ళ దగ్గర ఆవిడ ముచ్చటపడి పది ఉన్ని గొర్రెల్ని కొన్నారు. మా వైపు గొర్రెలకి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. వీటి ఉన్నితో కంబళి నేయించాలని ఆవిడ కోరిక. ఇప్పుడా ఉన్ని కంపు కొడుతూ ముద్దలుగా ఊడిపోతోంది. భర్త వెంకన్నగారు విసుగెత్తి, ఆదివారం తీసుకెళ్ళమని మాంసం కొట్టువాడికి మాట ఇచ్చేశారు.

"వీటిని కోయిస్తే నాకు ముద్ద దిగదండి డాక్టరుగారూ," అన్నారావిడ.

నాకు పంతం వచ్చింది. గజ్జి పురుగుందేమోనని స్కిన్ స్క్రాపింగ్, అంటే చర్మం గీకి తీసిన పొట్టు, మైక్రోస్కోపులో చూశాను. పురుగు లేదు. మేతా బాగానే ఉంది. ఇక ఉండబట్టలేక సాయంత్రం చెప్పకుండా వాళ్ళ ఊరెళ్ళాను.

కాలవలో మోకాలిలోతు నీళ్ళలో సూరమ్మగారు గొర్రెల్ని గడ్డి చుట్టతో పరపరా తోముతున్నారు. పక్కనే గేదెలు హాయిగా మునిగి ఉన్నాయి.

"రోజూ ఇంతేనా అండీ?" అన్నాను.

"గేదెల్ని కడిగి, వీటిని మానేస్తామా అండి? పాపం కాదూ?"

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గట్టునే కూర్చుని చెప్పాను. ఇది ఫ్లీస్ రాట్, తడి ఆరక ఉన్ని కుళ్ళడం. మెట్టలో ఎండా గాలీ ఉన్నిని ఆరబెడతాయి. ఇక్కడ అసలే వాన, ఉక్క, బురద నేల. దానికితోడు రోజూ స్నానం. వెంకన్నగారిని ఆదివారం బేరం ఆపమని అడిగాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

వాన తెరిపిచ్చాక ఉన్ని మొత్తం కత్తిరించి చర్మానికి మందు రాశాం. గొర్రెలు బురదలో కాకుండా పైన పడుకునేలా, కింద గాలి ఆడేలా వెదురు దబ్బలతో ఎత్తుగా మంచె కట్టించాం. సూరమ్మగారు గొర్రెల్ని కాలవ వైపు చూడనివ్వలేదు.

కోతలయ్యాక కాపర్లు మళ్ళీ వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు సూరమ్మగారి గొర్రెలకి మళ్ళీ పెరిగిన ఉన్నిని వేళ్ళతో విడదీసి చూసి, తమ మందలో కూడా ఇంత ఒత్తుగా లేదన్నాడు. నా ఛాతీ ఉప్పొంగిపోయింది. సూరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు.

మరుసటి వానల్లో వెంకన్నగారు గేదెను తోలుకుని ఆసుపత్రికి వచ్చారు. ఒంటిమీద కొత్త నల్ల కంబళి. మాంసం కొట్టువాడు బాగున్నాడా అని అడిగాను.

"ఆ మాట మా ఇంట్లో మాత్రం ఎత్తకండి. కంబళి లాగేసుకుంటుంది," అన్నారాయన, దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

అప్పట్నుంచి ఏ పశువు వచ్చినా ఏం పెడుతున్నారని అడిగి ఊరుకోను. దాన్ని ముద్దుగా ఎలా చూసుకుంటున్నారో కూడా అడుగుతాను.