ఇసుక బకెట్లో అగరబత్తులు

అది 2023 ఎండాకాలం. అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఆఫీసరుగా నెల్లూరు తీరంలో తనిఖీలు చేస్తున్నాను. జువ్వలదిన్నె రేవుకు పోయే దారిలో చెంచయ్య షెడ్డు ఉంది. ఫైబర్ పడవలకు చిల్లులు పడితే అక్కడ మాట్లు వేస్తారు. మాటుకు వాడేది రెసిన్ అనే చిక్కటి రసాయనం. హార్డెనర్ కలపగానే అది వేడెక్కుతూ రాయిలా గట్టిపడుతుంది. రెండూ ఇట్టే అంటుకునే సరుకే.

లోపలికి అడుగుపెట్టగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంటలార్పడానికి పెట్టిన ఎర్ర ఇసుక బకెట్లో అగరబత్తులు గుచ్చి ఉన్నాయి, వెలుగుతూ! ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మెడలో దసరా నాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. జారిపోకుండా ఇనుప తీగతో బిగించారు కూడా.

"పని మొదలుపెట్టేముందు పడవకు హారతి ఇయ్యందే మాకు చెయ్యాడదు సార్. అంతా గంగమ్మే చూసుకుంటాది" అన్నాడు చెంచయ్య.

"సరే, మరి ఆ పిల్లెవరు?" అన్నాను. పడవ పక్కన ఒకమ్మాయి ప్లాస్టిక్ మగ్గులో రెసిన్ కలుపుతోంది.

"నా కూతురు శిరీష. పదిహేడు నిండినాయి. సెలవుల్లో మిక్సింగంతా దాందే. చెయ్యి తిరిగిపోయింది సార్!" ఆ తండ్రి మొహంలో గర్వం చూడాలి.

పద్దెనిమిది నిండనివాళ్ళ చేత మండే సరుకుతో పని చేయించడం చట్టరీత్యా నేరమన్నాను. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. "కూలికి పెట్టుకున్నామా సార్? మా బిడ్డ, మా షెడ్డు!"

మగ్గు కింద పెట్టి శిరీష కూడా నా మీదికి వచ్చింది. "రేపు ఈ షెడ్డు నడపాల్సింది నేనే గదా సార్. ఇప్పుడు నేర్చుకుంటే తప్పేంది?"

నాకూ ఒళ్ళు మండింది. ముగ్గురం గొంతులు పెంచాం. ఆ గొడవలో మగ్గు సంగతి ఎవరికీ గుర్తులేదు. కలిపిన రెసిన్‌ను పూయకుండా అలా వదిలేస్తే లోపల వేడి పెరిగిపోతుంది. ఉన్నట్టుండి తెల్లటి పొగ లేచింది.

"అయ్యో, సరుకంతా పాయె!" అంటూ శిరీష వట్టిచేత్తో మగ్గు పట్టుకోబోయింది. "చెయ్యి తియ్!" అని నేనరిచిన అరుపు రేవుదాకా వినిపించి ఉంటుంది. చెంచయ్య ఎక్స్‌టింగ్విషర్ దగ్గరికి ఉరికాడు. దండ తీగ దాని పిన్నుకు చుట్టుకుపోయింది. ఎంత లాగినా రావడం లేదు. నేను ముందు అగరబత్తులను ఇసుకలోకే కుక్కి ఆర్పాను. పారతో మగ్గును బయటికి నెట్టి బకెట్టంతా దానిమీద కుమ్మరించాను. మంట లేవలేదు, మా అదృష్టం.

చెంచయ్య పరుగున వచ్చి కూతురి అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"చెంచయ్య గారూ, నిప్పుకు కూలిపిల్లా కన్నపిల్లా అనే తేడా తెలీదు. ఇలాంటి పనిలో చట్టం కూడా ఆ తేడా చూడదు" అన్నాను.

కార్మిక శాఖకు రాయక తప్పలేదు. వాళ్ళు వచ్చి గట్టిగా హెచ్చరించి వెళ్ళారు. శిరీష మూతి ముడుచుకుని షెడ్డు బయట కూర్చుంది.

"పద్దెనిమిది నిండేదాకా నేనేం చేసేది సార్?"

"మా స్టేషన్‌కు రా, శిక్షణ ఇస్తాం. షెడ్డు నడిపేది నువ్వే అంటివి గదా, ముందు దాన్ని కాపాడుకోవడం నేర్చుకో."

వచ్చింది. ప్రశ్నలతో మావాళ్ళ ప్రాణాలు తోడేసింది.

పద్దెనిమిది నిండాక ఒకరోజు ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి మాస్కు, చేతితొడుగులు వేసుకుని సిద్ధంగా ఉంది. వాకిలికి చాలా ఇవతల నేలమీద తెల్లగా ఒక సుద్దగీత. చెంచయ్య హారతి పళ్ళెంతో వస్తున్నాడు.

"నాయనా, గీత దాటబాక! ఆణ్ణించే ఇయ్యి. గంగమ్మకు చూపు బాగానే ఉండాది."

చెంచయ్య బుద్ధిగా ఆగి దూరం నుంచే కర్పూరం తిప్పాడు. కళ్ళకద్దుకుని నావైపు తిరిగి, "ఎప్పుడో ఒకసారొచ్చే ఆఫీసరు చాలడని, ఇంట్లోనే ఉండే ఆఫీసర్ని తయారుచేసినారే సార్!" అన్నాడు. మాటలో విసుగున్నా మొహంలో మళ్ళీ అదే గర్వం.

ఇంటిల్లిపాదీ పనిచేసే చోట, మన పిల్లలే కదా అనే ధీమాతోనే పెద్దలు జాగ్రత్త మరిచిపోతారు. ఆ పిల్లలే చెబితే మాత్రం చెవికెక్కించుకుంటారు. ఇది నాకు ఆ షెడ్డులో తెలిసింది. సర్వీసులో ఎన్నో మంటలు ఆర్పాను. తలుచుకుని మురిసిపోయేది మాత్రం ఆ లేవని మంటనే.