బుస ఆగిన తిత్తి

2016 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం ఆరున్నరకు, మా పక్కింటి కోడలు ఇసుకలో కూర్చుని, గాలి కారే బుస వినపడుతుందేమోనని గాలిపటం వాల్వుకు చెవి ఆనించింది. పలక మీద నిలబడ్డ మనిషిని సముద్రంలో లాక్కుపోయే పెద్ద గాలిపటం అది. దాని అంచులో గాలి నింపే తిత్తి ఉంటుంది. వాల్వు ఊడిందని పట్నం మనిషి పారేసి పోయాడు. అతనికి వంట చేస్తూ గాలిపటంతో నీటి మీద సాగే విద్య నేర్చుకున్న ఈమె దాన్ని దాచుకుంది.

వాల్వు అతికించడానికి మొదట రాసిన సైకిల్ ట్యూబుల జిగురు నిలవలేదు. రెండోసారి చెప్పుల జిగురు రాసి, ముందు రోజు రాత్రంతా రుబ్బురోలు పొత్రం బరువు పెట్టింది. చిక్కుపడకుండా తిత్తికి మొహం పౌడరు పూసి అంచులోకి దూర్చింది.

మా ఊళ్లో ఆడవాళ్లు పడవ ఎక్కకూడదు. కులపెద్ద వచ్చి నిలబడ్డాడు.

"ఆడది సముద్రం మీదకెల్తే సేపలు పడవే."

"నానెల్లేది గాలిలోకి మావా. అక్కడ నీకు సేపలేటి?"

"ఎల్లినోళ్లకీ, సాయం పట్టినోళ్లకీ ఒడ్డున సేపలమ్మం."

గాలిపటం లేవాలంటే ఇంకొకరు అంచు ఎత్తి పట్టుకోవాలి. మగవాళ్లెవరూ కదల్లేదు. ఆమె మరోసారి వాల్వుకు చెవి ఆనించి, నా వైపు చూసింది.

"బుస లేదత్తా. పడతావా?"

నేను ఎండుచేపల బుట్ట దించి పట్టుకున్నాను.

"ఇక వదిలీ అత్తా."

వదిలాను. ఆమె కులపెద్ద ఎదుట నుంచే నీటి మీద దూసుకుపోయి, తిరిగి వచ్చింది.

ఆ రోజు పోయినవి: నా బుట్టలో సగం మెత్తళ్లు, కాకులకు. ఒడ్డున విడిచిన ఆమె ఎడమ చెప్పు, కెరటానికి. మా ఇద్దరికీ చేపలు కొనే హక్కు, ఏడాదిపాటు. తిత్తిలో గాలి పోలేదు.