మారెక్క ఏరిన బొమ్మలు

మారెక్క తన మనవరాళ్ల బొమ్మలను పాత సామాన్లు కొనే గుజిరీ వాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకుందని మా వీధిలో ఒక మాట ఉంది. చనిపోయిన భర్త చేసిన మట్టి ఎద్దులను బేసిన్లో కరిగించి, ఆయన గుర్తును చేతులారా చెరిపేసిందని ఇంకో మాట. కోడలి మీది కోపాన్ని పసిపిల్లల ఆటవస్తువుల మీద చూపిందని మూడోది. ఇక రైతు కుళ్లాయప్ప అయితే, ఆమె ప్లాస్టిక్ బొమ్మలను విత్తనమని చెప్పి తన చేనికి పంపిందని విడపనకల్లు దాకా చెప్పి వచ్చాడు. వీటిలో మొదటిది శుద్ధ అబద్ధం. మిగిలినవి సగం చూసినవాళ్లు పూర్తిగా చెప్పిన మాటలు. మారెక్క ఇంటికి మూడిళ్ల అవతల ఉంటున్నవాడిని కనుక, నేను చూసిందీ, చూడనిచోట ఆ ఇంటివాళ్లను అడిగి తెలుసుకున్నదీ మాత్రమే రాస్తున్నాను.

మారెక్కకు యాభై ఎనిమిదేళ్లు. వేరుశెనగ విత్తనం ఏరడంలో ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఆమె మాటే మాట. ఎండాకాలం చివర్లో ఆడవాళ్లు అరుగుల మీద వరుసగా కూర్చుని కాయలు ఒలిచేవారు. వీధంతా టప్ టప్‌మని చప్పుడు, మధ్యలో నవ్వులు. ఒలిచిన గింజలు చివరికి మారెక్క చేటలోకి చేరేవి. ఆమె వాటిని మూడు కుప్పలు చేసేది: విత్తనం, గానుగ, తాలు. గట్టి గింజ విత్తనానికి, దెబ్బ తిన్నది గానుగకు, ముడుచుకుపోయినది తాలుకు. ఏరిన విత్తనపు సంచి మూతికి ఎర్రగుడ్డ పీలిక కట్టేది. ఇప్పుడు ఒలిచేందుకు యంత్రం వచ్చింది. అరుగులు నిశ్శబ్దమయ్యాయి. సొంత పంట విత్తనాన్నే నమ్ముకున్న కుళ్లాయప్ప వంటి ఒకరిద్దరు మాత్రం ఇంకా ఆమె దగ్గరకే తెస్తారు.

ఆమె కొడుకు వీరేష్ సరుకుల ఆటో నడుపుతాడు. గుంతకల్లు పోయినా బళ్లారి పోయినా కూతుళ్లకు ఏదో ఒక బొమ్మ తేకుండా తిరిగి రాడు. పెద్దది అంజికి ఐదేళ్లు, చిన్నది తేజుకు మూడు. ఆ రెండు గదుల ఇంట్లో మంచం కింద జేసీబీలు, పొయ్యి పక్కన బాతులు, బియ్యం డబ్బా మీద తల లేని గుర్రాలు. ఎందుకప్పా ఇన్ని అని నేను ఒకసారి అడిగాను.

"మేము జొన్నదంటు బెండుతో బండ్లు చేసుకోని ఆడినోళ్లం సార్. నా పిల్లోళ్లకు ఆ గతి వద్దు" అన్నాడు.

వీరేష్ చిన్నప్పుడు చేసిన బెండు బండి నాకు బాగా గుర్తుంది. దంటు తొక్కును చీల్చి ఇరుసు చేసి, బెండును గుండ్రంగా కోసి చక్రాలు తొడిగి, దారం కట్టి ఈ వీధి పొడవునా ఈడ్చుకుపోయేవాడు. ఆ బండిలో అతనికి గుర్తున్నది లేమి. నాకు గుర్తున్నది బండి. ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం సరైనదో నేను తేల్చలేను.

ఈ ఏడు జ్యేష్ఠ పౌర్ణమి వెళ్లగానే, ఏడో నెల గర్భంతో ఉన్న కోడలు సునంద నీళ్ల బిందెతో లోపలికి వస్తూ బొమ్మ ట్రాక్టరు మీద కాలు వేసి జారింది. ద్వారబంధం పట్టుకోబట్టి సరిపోయింది. బిడ్డకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చాక సునంద అత్తతో తేల్చి చెప్పింది.

"కాన్పయినాక నేను ఈడికి రాను అత్తా. కొత్తచెరువుకు మా అమ్మోళ్లింటికి పోతా. ఇద్దరినీ తీసుకపోతా. బిడ్డకు ఊయల కట్టను జాగా యాడుండాది ఈ ఇంట్లో?"

"ఎన్నాళ్లు ఉంటావు?"

"జాగా అయ్యేదాకా."

మారెక్క కోడలిని తప్పు పట్టలేదు. చూరు దూలానికి ఉన్న ఊయల కొక్కెం కింద నిలబడి గది నాలుగు మూలలూ చూసింది. మనవరాళ్లు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఊహించుకోవడం కష్టం కాదు. భర్త ఎర్రిస్వామి పోయిన నాలుగేళ్లలో ఆ ఇంట్లో సందడి ఏదైనా ఉందంటే అది ఆ ఇద్దరిదే.

అయినా ఆమె ఆ రోజు ఒక్క బొమ్మను కూడా కదిలించలేదు. కోపంతో చేసిందనేవారు ఈ సంగతి గమనించాలి. మూడు రోజులు గుమ్మంలో కూర్చుని, ఏ పిల్ల దేన్ని ముట్టుకుంటున్నదో, విసిరేసిన తర్వాత దేనికోసం తిరిగి వస్తున్నదో చూసింది. నాలుగో రోజు చేట తెచ్చి, బొమ్మలన్నీ నడింట్లో కుప్ప పోసి కూర్చుంది. అంజి పక్కన చేరింది.

"అవ్వా, ఇది తాలా?"

"దాన్ని నువ్వు ఎప్పుడన్నా ముట్టుకుంటివా?"

"లేదు."

"ఐతే తాలే."

"నాయన కొడ్తాడేమో."

"మీ నాయన్ను నేను కొడతాలే. నువ్వు ఆ గుర్రం ఇట్టియ్యి."

పిల్లలు తమంతట తాము తిరిగి వెతుక్కునేవి విత్తనం. విరిగినా బాగుచేస్తే పనికొచ్చేవి గానుగ. ఎవరూ ముట్టుకోనివి, ఎంత కొత్తవైనా, తాలు. విత్తనం ఒక చిన్న సంచికి సరిపోయింది. గానుగ ఒక చేటెడు, తాలు రెండు పెద్ద సంచులు అయ్యాయి. అలవాటు కొద్దీ ఆమె బొమ్మల విత్తనపు సంచికీ ఎర్రగుడ్డ పీలిక కట్టి, గోడవారన కుళ్లాయప్పకు ఏరిపెట్టిన విత్తనపు సంచుల పక్కనే ఆనించింది.

సాయంత్రం వీరేష్ వచ్చి చూశాడు. రిమోటు కారు తాలు సంచిలో పైనే ఉంది.

"బళ్లారి నుంచి తెచ్చినానమ్మా ఇది. తాలులో ఏస్తివా?"

"తెచ్చినోడివి నువ్వు ఉండావు. ఆడుకున్నోళ్లు యాడ?"

"నన్నొక మాట అడగొద్దా?"

వీరేష్ అన్నం తినకుండా బయటికి పోయాడు.

మరునాడు పొద్దున కుళ్లాయప్ప ట్రాక్టరు వచ్చింది. ముందు రోజు కాస్త వాన పడటంతో అందరికీ విత్తే తొందరే. ఆయన ట్రాక్టరు దిగలేదు. "ఎర్రపీలికవి ఎత్తెయ్యప్పా" అని కూలీకి చెప్పాడు. కూలీ ఎర్రపీలికవన్నీ ఎత్తేశాడు. ఒక సంచి తేలికగా ఉందని అతను అన్నాడట. "ఎండిన ఇత్తనం అట్లే ఉంటాదిలే" అని కుళ్లాయప్ప అన్నాడట. చేలో విత్తే గొర్రు పక్కన మూతి విప్పితే ఒంటికన్ను గుడ్డబొమ్మ బయటికి చూసింది. ఆయన వెంటనే వీరేష్‌కు ఫోన్ చేశాడు.

"ఏమప్పా వీరేషూ, మీయమ్మ ఇచ్చిన ఇత్తనం ఏస్తే ఏం కాస్తాదప్పా? బొమ్మలా, పిల్లోళ్లా?"

ఆ సమయానికి ఇంట్లో పిల్లలిద్దరూ తమ బొమ్మలు కనపడక ఏడుస్తున్నారు. ఫోన్ పెట్టేసి వీరేష్ తాలు సంచులు రెండూ విప్పి వాళ్ల ముందు గుమ్మరించాడు. రిమోటు కారును గదంతా తిప్పి చూపించాడు. తేజు దాన్ని కాలితో పక్కకు తోసి, "మూత కావాల" అంది. మూత అంటే నూనె డబ్బా మూత. అది విత్తనపు సంచిలో ఉంది. అంజి అడిగింది ఒంటికన్ను బొమ్మను, చక్రం పోయిన ట్రాక్టరును. తండ్రి ముందు పోసినవాటిలో ఒక్కదాన్ని కూడా ఇద్దరూ అడగలేదు. తల్లి ఏరివేత సరైనదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదని వీరేష్ నాతో తర్వాత ఒప్పుకున్నాడు.

అతనే ఆటోలో చేనికి పోయి సంచి తెచ్చాడు. తాలు సంచుల మూతులు తన చేత్తోనే కట్టి అంగన్‌వాడీకి చేర్చాడు. రిమోటు కారు ఇప్పటికీ అక్కడి అలమరలో ఉంది. గుజిరీ కథ చెప్పేవాళ్లు పోయి చూసుకోవచ్చు.

"నిన్ను అడగాల్సింది నాయనా. అది నా తప్పే" అని ఆ రాత్రి భోజనాల దగ్గర మారెక్క అందట.

ఇక ఇంట్లో ఉంచుకునే విత్తనం, గానుగ బొమ్మలకు చోటు కావాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక ఇనుప పెట్టెలో ఎర్రిస్వామి చేసిన ఎద్దులున్నాయి.

మా కర్ణాటక సరిహద్దు పల్లెల్లో జ్యేష్ఠ అమావాస్యనాడు మట్టితో ఎద్దుల జత చేసి, పశువులను కట్టే గాటిపట్టున నిలిపి, ఓళిగలు అనే బొబ్బట్లు పెట్టి పూజిస్తారు. పిల్లలు నాలుగు రోజులు ఆడుకున్నాక వాటిని వంక నీళ్లలో వదలాలి. వంక పారని ఏడు చాలామంది గోడ మీద పెట్టి మరిచిపోతారు. ఎర్రిస్వామి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఎండిన వంకలో ఎద్దును పారేస్తే, కరువుకు గొడ్డును కోతకు అమ్మినట్టే" అని, నీళ్లు వచ్చినప్పుడు ఇద్దామని పెట్టెలో దాచేవాడు. పెట్టె తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. తొమ్మిది జతలున్నాయి. అంటే తొమ్మిది కరువులు. ఒక జతకు కొమ్ములు చిన్నవి. ఆ ఏడు మట్టికి తడిపే నీళ్లు కూడా సరిగా దొరకలేదని ఆమె చెప్పింది. ప్రతి ఎద్దు మూపురం మీదా ఎర్రిస్వామి బొటనవేలి గుర్తు ఉంది. మారెక్క ఆ గుంతలో తన వేలు పెట్టి చూసింది. అతని వేలు పెద్దది.

"ఇంకో పెట్టె తెస్తానమ్మా. ఇయి ఉండనీ" అన్నాడు వీరేష్.

"ఆ పెట్టె పెట్టను జాగా యాడుండాది? అయినా మీ నాయన వీట్ని దాసిపెట్టమనలేదురా. నీళ్లకియ్యమన్నాడు. వంక పారేదాకా అన్నాడు గానీ, వంకే కావాలనలేదు."

కొళాయి నీళ్లు మా వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. ఆ రోజు పట్టిన నీళ్లలో తన స్నానపు వంతును ఆమె బేసిన్లో పోసింది. అంజి ఒక్కో ఎద్దునూ రెండు చేతులతో పట్టుకుని దింపింది. మొదట బుడగలు వచ్చాయి, తర్వాత కొమ్ములు వంగాయి, చివరికి మూపురాలు పోయాయి. మధ్యాహ్నానికి బేసిన్ నిండా మెత్తని మట్టి మిగిలింది. వాకిలి ముందు పోయేవాళ్లు చూసిందీ, ఊరంతా చెప్పిందీ ఇంతవరకే.

వారం తర్వాత అమావాస్య వచ్చింది. అంతవరకు తడి గోనెపట్టా కప్పి ఉంచిన ఆ మట్టిని మారెక్క కొడుకు ముందు పెట్టింది. వీరేష్ ఎన్నడూ ఎద్దులు చేసినవాడు కాదు. ఆ పని తండ్రిదే. ఒక గంట తంటాలు పడి ఒక జత నిలబెట్టాడు.

"ఇయి కుక్కలు నాయనా" అంది అంజి.

"ఎద్దులే పాపా."

"ఐతే మూపురం యాడ?"

సునంద నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. వీరేష్ ఇంకొంచెం మట్టి తీసి మూపురాలు పెట్టి, వాటి మీద బొటనవేలు నొక్కాడు. తల్లి దగ్గరకు వచ్చి ఆ గుర్తులను చూసింది. మిగిలిన మట్టి తేజు వాటాకు వచ్చింది. దాన్ని నూనె డబ్బా మూతలో నింపి రొట్టె చేసి తండ్రికే తినమని ఇచ్చింది.

పెట్టె ఇప్పుడు పిల్లల చేతికందే ఎత్తులో, గోడవారన ఉంది. చీకటి పడేలోగా వాళ్ల బొమ్మలన్నీ అందులోకి చేరాలి. మూత పడకపోతే ఏదో ఒకటి తాలయిందన్న లెక్క. ఏది తాలో పిల్లలే చెప్పాలి. వీరేష్ ఏదైనా కొత్తది తెస్తే ముందు తల్లికి చూపిస్తాడు. సునంద కాన్పుకు అనంతపురం పోయి, మగబిడ్డతో ఈ ఇంటికే వచ్చింది. ఊయల పాత కొక్కేనికే కట్టారు.

మారెక్క బొమ్మలను పారేయలేదు, అమ్మలేదు, చేనికి పంపలేదు. కొడుకును అడగకుండా మొదలుపెట్టడం తప్పు. దాన్ని ఆమే ఒప్పుకుంది. భర్త చెప్పిన మాటను ఆలస్యంగానైనా నెరవేర్చింది. తనకు తెలిసిన ఒకే ఒక విద్యతో ఇల్లు ఏరి, ఒక ఊయలకు సరిపడా చోటు చేసింది.